ఇసుక దీవిలో మూడు దినములు

ఇసుకమీద కారు నడుపదలచినవారు మొట్టమొదట చేయవలసిన పని చక్రములలోని గాలిని సగము తీసివేయుట. ఈ మాట వినగానే నవ్వు వచ్చును. గాలి తగ్గిన బండి సాగదని సైకిలు తొక్కు పిల్లవానికి గూడ తెలియును గదా! కాని ఇసుకలో వ్యవహారము వేరు. నిండుగా గాలి కొట్టిన చక్రము గట్టిగా, సన్నగా నుండి, కత్తివలె ఇసుకను కోసికొని దిగిపోవును. గాలి తీసిన చక్రము ఒంటె పాదమువలె వెడల్పుగా పఱచుకొని పైన నిలుచును. రహస్య మింతే. ఈ చిన్న రహస్యమును తెలిసికొనుటకు మా దంపతులకు రెండు గంటల కాలమును, చాల చెమటయు, కొంత కన్నీరును ఖర్చైనవి. ఆ సంగతియే వ్రాయుచున్నాను.

మేము ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమునకు వచ్చి ఇరువది సంవత్సరములు దాటినది. అంతకు ముందు మాది బాపట్ల. నా పుట్టినింటికిని అత్తింటికిని నడుమ రెండు వీధులే. మా వారు ఇంజనీరు. కారు నడుపుట యనిన వారికి ప్రాణము. సెలవు వచ్చినదన్న పిల్లలను, చాపలను, పులిహోర డబ్బాను బండిలో వేసికొని ఎంత దూరమైనను పోవుచుండిరి. ప్రక్కను కూర్చుండి పటము చూచుట, ఫ్లాస్కులోని కాఫీ పోసి యిచ్చుట, వెనుకనున్న పిల్లల తగవులు తీర్చుట నా యుద్యోగము. స్టీరింగుతో నాకెన్నడును పని పడలేదు. పడునని తలంపలేదు.

రెండేండ్ల క్రిందట మా వారికి కన్నులలో నీటికాసుల జబ్బు ఉన్నట్లు తేలినది. సోదరీమణులారా, ఈ జబ్బును గూర్చి నాలుగు మాటలు చెప్పి ముందుకు పోయెదను. ఇది దొంగవలె వచ్చును. తఱచుగా నొప్పి యుండదు, ఎఱుపు ఉండదు. కంటిలోపలి ఒత్తిడి మొదలగు కారణములచేత చూపునరము మెల్లమెల్లగా చెడి, ముందుగా ప్రక్కచూపు పోవును. ఎదుటి వస్తువు బాగుగనే కనబడుచుండుటచేత రోగికి తన నష్టము తెలియదు. పోయినది మరల రాదు. చుక్కల మందుతోనో శస్త్రముతోనో ఉన్నదానిని కాపాడుకొనుటయే. ఇంటిలో ఒకరికున్నచో వారి తోబుట్టువులును బిడ్డలును పరీక్ష చేయించుకొనుట మంచిది. మా మామగారు కడపటి దినములలో గుమ్మములకు తగులుకొనుచుండిరి. వయసు మీద పడినదని మేమనుకొంటిమి.

ఇక కారు నడుపరాదని వైద్యుడు చెప్పిన నాటి సాయంకాలము మా వారు బండి తాళపుచెవులు తెచ్చి, వంటింటిలో ఉప్పుడబ్బా ప్రక్కను పెట్టిరి. ఒక్క మాటయు ననలేదు. నేనును అడుగలేదు. నా ఏబదియొకటవ యేట నేర్చుకొన మొదలుపెట్టితిని. పరీక్షలో రెండుసార్లు తప్పి మూడవసారి గెలిచితిని. నా ప్రయాణము లన్నియు కూరగాయల అంగడికి, దేవాలయమునకు, కంటి వైద్యుని యొద్దకు. అంతకు మించి పోయి యెఱుగను.

ఈ సంవత్సరము సెప్టెంబరు నెలలో నొకనాడు భోజనము వేళ, "గర్రికి పోదామా?" అని మా వారే యడిగిరి. ఆ దీవికి పోవలెనని ఇరువదేండ్లుగా అనుకొనుచునే యుంటిమి. ఒక యేడు పిల్లల పరీక్షలు, ఒక యేడు ఉద్యోగపు తొందరలు. ఇప్పుడే యెందుకని నేను ప్రశ్నింపలేదు. మా పెద్దవాని ఫోర్ వీల్ డ్రైవు బండిని నాలుగు దినములకు అడిగి తీసికొంటిమి. వాడు తల్లి ముఖమును ఒకసారి, తండ్రి ముఖమును ఒకసారి చూచి, పారయొకటి, గాలి కొలిచే సాధనమొకటి, గాలి కొట్టే చిన్న యంత్రమొకటి తెచ్చి వెనుక పెట్టెను.

గర్రి క్వీన్సులాండు తీరమున కంటియున్నట్లుండు దీవి. ఇంగ్లీషు వ్రాతలో ముందొక 'క' అక్షరముండును గాని పలుకుబడిలో వినబడదు. పొడవు 122 కిలోమీటర్లు. లోకమునందలి ఇసుక దీవులలో ఇంతకంటె పెద్దది లేదు. 1992లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా చేర్చుకొనిరి. ఆ యిసుక ఆ చోట పుట్టినది కాదు. దక్షిణమున న్యూ సౌత్ వేల్సు నదులు కొండల నరగదీసి సముద్రములో పోయగా, అలలు దానిని ఉత్తరమునకు నెట్టుకొని వచ్చి, లక్షల సంవత్సరములుగా కుప్పవోసినవి. గాలి ఆ కుప్పలను దిబ్బలుగా లేపినది. కొన్ని దిబ్బలు 200 మీటర్లకు మించిన ఎత్తు. వానిమీద మహారణ్యము!

కొంతకాలము క్రిందటి వఱకు దీనికి ఫ్రేజరు దీవియని పేరు. 1836లో స్టర్లింగ్ కాసిల్ అను ఓడ పగిలి, దాని నాయకుడైన జేమ్స్ ఫ్రేజరును, అతని భార్య ఎలైజాయు ఈ దీవిని చేరిరి. భర్త ఆ యాపదలోనే మరణించెను. ఆమె బ్రతికి బయటపడెను. పిమ్మట ఆమె పేరుతో వ్యాపించిన కథలలో ఈ దీవి ప్రజలగు బుచుల్లావారు క్రూరులుగా చిత్రింపబడిరి. ఆమెను కాపాడితిమని బుచుల్లావారు తరతరములుగా చెప్పుకొనుచున్న మాట. నడిసముద్రములో సర్వము పోగొట్టుకొన్న యాడుదానిపై నాకు జాలియే గాని, తిన్న యింటి వాసములు లెక్కపెట్టిన కథలకు ఒక దీవినే బహుమానముగా నిచ్చుట న్యాయముగా తోచదు. ఆ పేరును మాన్పి, తమ భాషలో స్వర్గమని యర్థమిచ్చు పూర్వపు పేరు నిలుపుటకు బుచుల్లావారు బహుకాలము పాటుపడగా, 2023లో ప్రభుత్వము దానిని దీవికి మరల నిచ్చినది.

తెల్లవారుజామున బయలుదేరి, జింపీ మీదుగా రెయిన్‌బో బీచియను ఊరు చేరి, అక్కడినుండి ఇన్‌స్కిప్ మొనకు పోయితిమి. దారి అక్కడితో సరి. తరువాత ఇసుక, సముద్రము. బల్లకట్టువంటి ఓడ యొకటి వచ్చి ఇసుకకే మూతి ఆనించి నిలుచును. రేవు లేదు, వంతెన లేదు. ఎక్కిన పది నిముషములకు ఆవలి ఒడ్డు.

అక్కడ, ఓడ యెక్కకముందు, చక్రముల గాలి తీయవలసి వచ్చినది. మా తగవు ఆ చోటనే మొలకెత్తినది. చక్రములలో 36 పౌండ్ల గాలి యున్నది. ప్రక్క బండివారందఱును 18కి తగ్గించుచుండిరి. మా వారు 28 దగ్గఱ ఆగిరి. "అంత తీస్తే టైర్లు రిమ్ముల్లోంచి ఊడిపోతాయి. నాకు తెలుసు" అనిరి. నిండు తారు రోడ్డుమీద ముప్పదియేండ్లు నడిపిన యనుభవము వారిది. నేను కాదనలేదు. తాళపుచెవులు నా చేతికి వచ్చిననాటినుండి వారి మాటను కాదనుటకు నాకు నోరు రాకుండెను. చేతిలోనిది లాగికొన్నదానికి, మాటగూడ లాగికొనుటకు మనసొప్పునా?

మొదట గంటసేపు స్వర్గమే. ఆ దీవి తూర్పు తీరమున బాటయనగా సముద్రపు టొడ్డే. ఆటు పోయి నీరు వెనుకకు తగ్గినప్పుడు తడి యిసుక సిమెంటు నేలవలె గట్టిపడును. అప్పుడు దానిమీద గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవచ్చును. అది చట్టము ప్రకారము రాజమార్గము. వేగపరిమితి యున్నది, నడుము పట్టీ నియమమున్నది, పోలీసువారును వత్తురు. చిన్న విమానములు గూడ ఆ యిసుకపైననే దిగును. పోటు పెరిగినప్పుడు మార్గము మునిగిపోవును గనుక పోటు నిండుటకు రెండు గంటల ముందును, రెండు గంటల తరువాతను బండి నడుపవద్దని హెచ్చరిక. రోజునకు రెండుసార్లు తుడిచి అలికినట్లుండు ఆ దారిని చూచి నాకు మన ముంగిళ్లు జ్ఞప్తికి వచ్చినవి.

ఒడ్డు వెంబడి చూచితినిగదా, సరుగుడు చెట్లు! వాని ప్రక్కను ఊడలపై నిలుచున్న మొగలి జాతి పొదలు! సూర్యలంక పోయినట్లే యున్నది. చిన్ననాట మా యమ్మ సరుగుడు పుల్లలతో నీళ్లు కాచెడిది. ఆ చెట్టు మన తీరమున ఎవరో నాటగా వచ్చినదే. దానికి పుట్టినిండ్లు ఈ సముద్రతీరములు. అది మా యూరికి కాపురమునకు రాగా, నేను దాని యూరికి కాపురమునకు వచ్చితిని. ఈ మాట మా వారితో అనగా చాల దినములకు బిగ్గఱగా నవ్విరి.

యూరోంగు అనుచోట ఒడ్డును విడిచి అడవిలోనికి తిరుగవలెను. సముద్రపు టొడ్డుకును అడవి బాటకును నడుమనుండు ఆ కొద్ది గజముల మేర అలలు తడుపనిది. పిండివలె వదులైన యిసుక. "ఎడమకు కొట్టు, కొట్టు! ఇప్పుడు నొక్కు!" అని మా వారు కేకవేసిరి. నొక్కితిని. చక్రములు గిరగిర తిరిగినవి, బండి కదలలేదు. "ఇంకా నొక్కు!" ఇంకను నొక్కితిని. వెనుక ఇసుక ఫౌంటెనువలె లేచినది. బండి కడుపు నేలనానినది.

దిగి చూచితిమి. చక్రములు సగము కనబడుట లేదు. వెనుక సముద్రము. పోటు మొదలై గంటసేపైనది. అలలు ఇంకను ఏబది గజముల దూరమున నున్నవిగాని ప్రతి యల కొక బెత్తెడు దగ్గఱకు వచ్చినట్లే నాకు తోచినది. కొడుకు బండి!

మా వారు పారతో నాలుగు దెబ్బలు వేసి, ఆయాసముతో నిలిచి, "నేనైతే దిగబడేవాణ్ణి కాదు" అనిరి.

"అయితే మీరే నడపండి" అంటిని.

ఆ మాట నా నోటినుండియే వచ్చినది. ముప్పది సంవత్సరముల కాపురములో ఎన్నో తగవులు పడితిమి. ఉప్పు ఎక్కువైనదని, ఆడపడుచు పెండ్లికి డబ్బు పంపుట ఆలస్యమైనదని, పిల్లవాని చదువు గూర్చి. ఏ తగవులోను నేనింత క్రూరమైన మాట అనలేదు. వారు నా వైపు చూడలేదు. పార నెమ్మదిగా ఇసుకలో గ్రుచ్చి సముద్రము వైపు తిరిగి నిలుచుండిరి. నేను బండి చాటునకు పోయి కొంగుతో కన్నులు తుడుచుకొంటిని. చీరయెందుకు ఈ ప్రయాణమునకని అమ్మాయి చెప్పినను కట్టుకొని వచ్చితిని. దానికా యొక్క ఉపయోగము కలిగినది.

అంతలో ఒడ్డున చేపలు పట్టుచున్న ఇద్దఱు ముసలమ్మలు గాలములు ప్రక్కను పెట్టి మా యొద్దకు వచ్చిరి. ఒకామెకు డెబ్బదికి తక్కువ యుండదు. మోకాళ్ల వఱకు తడిసిన నిక్కరు, తలపై తాటాకు టోపీవంటి టోపీ. వంగి చక్రమును బొటనవ్రేలితో నొక్కి చూచి, "గాలి ఎంత?" అని నన్నే యడిగెను. మా వారిని గాదు, నన్ను. స్టీరింగు ముందునుండి దిగినది నేనని చూచినది కాబోలును. 28 అని చెప్పితిని. ఆమె నవ్వలేదు, కోపపడలేదు. 15కి తీయుమనెను. చక్రముల ముందును వెనుకను ఇసుక తవ్వవలెననియు, దిగబడినప్పుడు నొక్కుట గోతిని లోతు చేయుటయే యనియు, ముందుకు గాక వెనుకకు, తాము వచ్చిన జాడలోనే, మెల్లగా పోవలెననియు చెప్పెను. ఆ జాడలోని ఇసుక ఒకసారి బండి బరువుతో అణగియున్నది గదా.

మా వారు ఒక్క మాటయు ననక వంగి గాలి తీసిరి. నాలుగు చక్రములకును. పిదప పార తీసికొని అరగంటసేపు తవ్విరి. ఆ ముసలమ్మలును తవ్విరి. నేను లోపల కూర్చుంటిని. మెల్లగా వదలితిని. బండి ఒకసారి మూలిగి, వెనుకకు జరిగి, గట్టి నేలపైకి వచ్చినది. మరల కొంత వేగముతో ముందుకు పోనిచ్చితిని. అదే ఇసుక, అదే బండి. తేలికగా దాటిపోయినది. అద్దములో చూడగా ముసలమ్మలిద్దఱును చేతులూపి, గాలముల దగ్గఱకు పోవుచుండిరి. వారి పేర్లైన నడుగలేదు. పులిహోర యిచ్చియుండవలసినది. ఇప్పటికిని అది మనసులో నున్నది.

ఆ రాత్రి బసలో మేము మాటలాడుకొనలేదు. వారికి కంటిచుక్కలు వేయువేళ నేను సీసా తీసికొని పోగా, తల వెనుకకు వాల్చి కన్నులు తెఱచిరి. అంతే.

మఱునాడు అడవి. ఆ యడవిని గూర్చి ఎంత వ్రాసినను తనివి తీరదు. బాట ఒక బండికి సరిపోవునంత వెడల్పు. వేగము 30 కిలోమీటర్లు దాటరాదు. తీరమున సరుగుడు, మొగలి. కొంత లోపలికి పోగా నీలగిరి జాతి చెట్లు. వానిలో ఒకదాని బోదెపై పిల్లవాడు పలకమీద గీసినట్లు వంకర గీతలుండును. ఒక చిన్న చిమ్మటపురుగు బెరడు క్రింద తినుచు పోయిన దారియట అది. ఇంకను లోపలికి పోగా ఎండ మాయమై, చలి తగిలి, ఆకాశమునంటు వృక్షములు. దిబ్బలమీద, శుద్ధమైన యిసుకలో, వర్షారణ్యము! ఎరువు లేని యిసుకలో ఇంత యడవి ఎట్లు పెరిగినదనిన, ఇసుక రేణువులపై నంటిన సన్నని ఖనిజపు పూత నుండి వేళ్లనంటియుండు శిలీంధ్రములు ఆహారమును గ్రహించి చెట్టుకిచ్చును. చెట్టు వానికి తీపి పదార్థము నిచ్చును. రాలిన యాకు మరల చెట్టుకే చేరును. కొద్ది సంపాదనతో పెద్ద సంసారమును ఈదుకొని వచ్చిన మా యత్తగారు జ్ఞప్తికి వచ్చినది. ఆమె యింటిలో దోసకాయ తొక్కగూడ బయటికి పోయెడిది కాదు.

ఇక్కడి సాటినే యను వృక్షపు కఱ్ఱను సముద్రపు పురుగు తొలువలేదు. అందుచేత సూయెజు కాలువ పనులకును, లండను దగ్గఱ టిల్బరీ రేవునకును దీనిని నఱికి పంపిరి. 1863 మొదలు 1991 వఱకు గొడ్డలి ఆగలేదు. తీరపు ఇసుకను గూడ ఖనిజముల కొఱకు తవ్వుచుండగా, జనులు పోరాడి 1976లో దానిని మాన్పించిరి. సెంట్రల్ స్టేషనను చోట కఱ్ఱ కొట్టువారి ఇండ్లును, బిడ్డలకు బడియు నుండెడివట. ఇప్పుడు చెట్లే. ఆ నడియడవిలో పొయ్యి ముట్టించి, పిల్లలకు జడలు వేసి బడికి పంపిన స్త్రీల గూర్చి పలకపై ఏమైన వ్రాసిరాయని వెదకితిని. కఱ్ఱ లెక్కలే కనబడినవి.

దాని ప్రక్కను వాంగూల్బా యను ఏఱు పారును. పారును అనుటకు చప్పుడుండవలె గదా. రాయి లేదు గనుక చప్పుడు లేదు. అడుగున తెల్లని యిసుక, పైన గాజువంటి నీరు. నీరున్నదో లేదో తెలియదు. ఒడ్డున పురాతనమైన పెద్ద ఫెరను మొక్కలు, ఒక్కొక్క మట్ట రెండు నిలువుల పొడవు. మా వారు వంతెనపై నిలిచి, "నీళ్లున్నాయా?" అని యడిగిరి. ఆ యేటిని చూచి ఎవరైనను అదే యడుగుదురు. నేనును పట్టించుకొనలేదు.

మధ్యాహ్నము బూరంగూరా సరస్సునకు చేరితిమి. మెకెంజీ సరస్సని మఱియొక పేరు. ఇది దిబ్బల నడుమ, సముద్రమునకు చాల ఎత్తున గిన్నెలో పోసినట్లుండును. ఏ వాగును దీనిలోనికి రాదు, దీనినుండి ఏ వాగును పోదు. రాలిన యాకులు అలములు కుళ్లి ఇసుకతో గలిసి అడుగున గట్టి పొరయై నీటిని ఇంకిపోనీయదు. అంతయు వాన నీరే. ఒడ్డున ఇసుక మా పండుగనాటి ముగ్గుపిండికంటె తెలుపు. నీరు అంచున వెలిసిన నీలము, కొంచెము లోపల నెమలికంఠము. బుచుల్లావారి కథలో, భూమిని తీర్చుటకు వచ్చిన గర్రి యను దేవకన్య ఈ చోటి యందమునకు మరులుకొని తిరిగి పోనననగా, ఆమెను ఈ దీవిగా మార్చి, చెట్లను బట్టగా కప్పి, ఆకాశమును చూచుకొనుటకు సరస్సులను కన్నులుగా నిచ్చిరట.

నేను చీర కుచ్చెళ్లెత్తి మోకాలి లోతున నిలిచియుంటిని. మా వారు ఒడ్డున ఇసుకపై కూర్చుండి నీటి వైపు చూచుచుండిరి. అప్పుడు వారి ఎడమ ప్రక్కనున్న పొదలనుండి ఒక యడవికుక్క వచ్చినది. దానిని బుచుల్లావారు వొంగారి యందురు. పసుపు కలిసిన గోధుమవన్నె, సన్నని నడుము, తెల్లని పాదములు. తిండి పెట్టరాదనియు, పరుగెత్తరాదనియు, దానివైపు తిరిగి నిలిచి మెల్లగా వెనుకకు జరుగవలెననియు అడుగడుగున పలకలున్నవి. అది నేరుగా మా వారి యొద్దకు వచ్చినది. నాలుగు బారల దూరమున ఆగి, వారిని చూచినది. వారు తల త్రిప్పలేదు. ఇంకను దగ్గఱకు వచ్చి, ప్రక్కనున్న చెప్పును వాసన చూచినది. ఆ చెప్పు వారి ఎడమచేతికి మూరెడు దూరమున నున్నది. వారు తల త్రిప్పలేదు. ముఖము ప్రశాంతముగా నీటి వైపే యున్నది.

నా గొంతు ఎండిపోయినది. కేక వేసిన అది బెదరి కఱచునేమో. "ఏమండీ, కదలకండి" అని చిన్నగా అంటిని. కుక్క తలయెత్తి నన్ను చూచి, ఏమియు తోచనిదానివలె, నీటి యంచువెంట తిన్నగా నడచి పోయినది. వారి ఎదుటికి వచ్చిన తరువాతగాని వారు దానిని చూడలేదు. ఉలిక్కిపడి, "అరె! ఎటు నుంచి వచ్చిందిది?" అనిరి.

నేను ఒడ్డునకు వచ్చి వారి ప్రక్కను కూర్చుంటిని. "మీ ఎడమవైపు నుంచి. మీ చెప్పు వాసన చూసి వెళ్లింది."

చాలసేపు మౌనము. పిడికెడు ఇసుక తీసి వ్రేళ్ల సందులనుండి జార్చుచు, "ఎడమకన్ను ఆరు నెలలనుంచి బాగా తగ్గింది" అనిరి. "మొన్న పరీక్షలో చెప్పారు. మందులన్నీ వేసుకుంటున్నాను, ఏదీ మానలేదు. నీకు చెబితే ఈ ప్రయాణం వద్దంటావనుకున్నాను. కనిపిస్తుండగా ఒకసారి చూద్దామని."

ఆ పరీక్షకు నేనే కారు నడిపి తీసికొని పోయితిని. బయట బల్లపై కూర్చుండి వారపత్రిక చదువుచుంటిని. వచ్చి, "అంతా బాగానే ఉంది" అనిరి. నేను నమ్మితిని. దారిలో టమాటాలు కొంటిమి.

నిన్నటి "ఎడమకు కొట్టు" అను కేక అప్పుడు నాకు అర్థమైనది. ఎడమవైపున గోయి యున్నది. వారికది కనబడలేదు. కనబడలేదని చెప్పలేక, చూచినట్లే చెప్పిరి. ముప్పదియేండ్లుగా దారి చూపిన మనిషి. నేనన్న మాటకు క్షమింపుమని యడుగవలెననుకొంటిని. నోటికి వచ్చినది వేఱు. "ఆకలిగా లేదూ?" అంటిని. ఒడ్డున తినరాదు. కంచె కట్టిన చోటికి పోయి, తలుపు మూసికొని, మిగిలిన పులిహోర తింటిమి. నిన్న నేనన్న మాట గూర్చి వారే, "నేను మాత్రం తక్కువన్నానా?" అని చేయి కడుగుకొనుచు అనిరి.

మూడవనాటి ప్రయాణము మఱియొక తీరున సాగినది. పోటు తీసిన పిమ్మట ఉత్తరముగా బయలుదేరితిమి. ఎడమవైపున ఏమున్నదో నేను చెప్పవలె. కుడివైపు సముద్రమును వారు చెప్పుదురు. ఇది ఒప్పందము. "ఎడమన సరుగుడు. ఇప్పుడు దిబ్బ, సగం విరిగి పడింది, రంగు మన పసుపుకొమ్ములా ఉంది. ఇద్దరు పిల్లలు, బకెట్టు. మొగలి పొద, కాయలు ఎర్రబడ్డాయి." ఇట్లు చెప్పుచు నడుపుట మొదట కష్టముగా నుండెను. చెప్పవలెనన్న చూడవలెగదా! నేను ఇరువదేండ్లు వారి ప్రక్కను కూర్చుండి ఎన్ని వేల మైళ్లు పోయితినో, ఇంతగా ఎన్నడును చూడలేదు. కాఫీ పోయుటలోనే సరిపోయినది.

వాన నీరు ఒడ్డును కోసిన కాలువలు ఇసుకలో ఆకస్మికముగా ఎదురగును. దూరమునకు కనబడవు. వేగముగా పోయి వానిలో పడిన బండ్లు బోల్తా కొట్టుట కలదు. అటువంటి చోట్ల ఎదుటి చూపు చక్కగానున్న మా వారు ముందుగా పసిగట్టి, "నీడ ఉంది, తగ్గించు" అనుచుండిరి. నేను తగ్గించుచుంటిని. నా కంటె వారే ముందు చూచిన కాలువలు మూడు.

ఎలై యేఱు గంటకు సుమారు 40 లక్షల లీటర్ల మంచినీటిని సముద్రములో పోయునట. దిబ్బలు త్రాగిన వాన యేండ్ల తరబడి యిసుకలో వడిసి వచ్చుటచేత అది చల్లగా, తియ్యగా నున్నది. మా వారు పంట్లాము మడిచి దానిలో నడుము లోతున పడుకొని, ప్రవాహముతో జారుచు పసిబిడ్డవలె నవ్విరి. కొంత దూరమున మహీనో యను ఓడ శిథిలమై యున్నది. 1905లో నిర్మించిన ప్రయాణపు టోడ. మొదటి ప్రపంచ యుద్ధమున గాయపడిన సైనికులకు ఆసుపత్రియైనది. 1935లో తుక్కుగా అమ్మి జపానునకు లాగికొని పోవుచుండగా, తుపానులో త్రాడు తెగి ఈ యొడ్డున పడినది. తుప్పుపట్టిన ప్రక్కటెముకలలోనుండి అలలు వచ్చిపోవుచున్నవి. మా వారు దూరమున నిలిచి, తల నిటు నటు మెల్లగా త్రిప్పుచు, ఆ మొన నుండి ఈ మొన వఱకు ముక్కలుముక్కలుగా చూచిరి. ఎంతసేపైనను చూడనిచ్చితిని. పోటు వేళ నేను చూచుకొనుచునే యుంటిని.

తిరుగు ప్రయాణమున ఆ వదులు ఇసుక మరల వచ్చినది. "మెల్లగా" అని కూడ వారు అనలేదు. కన్నులు మూసికొని కూర్చుండిరి. దాటిన పిమ్మట తెఱచి, "అయిందా?" అనిరి.

రెయిన్‌బో బీచిలో తారు రోడ్డు చేరగానే చక్రములకు మరల గాలి కొట్టవలెను. పిల్లవాడిచ్చిన యంత్రము బుఱ్ఱుమనుచుండగా, మా వారు గొట్టము పట్టుకొని ఒక్కొక్క చక్రము వద్ద గొంతుక్కూర్చుండిరి. కొలత సాధనపు టంకెలు సన్నవి. నేను ప్రక్కను వంగి చదివి చెప్పుచుంటిని. ఇరువది. ఇరువదియేడు. ముప్పదినాలుగు. ముప్పదియాఱు.

"చాలు" అని గొట్టము తీసి, మూత బిగించి, వారు తరువాతి చక్రము దగ్గఱకు నడచిరి. ఎడమ ప్రక్కను పాత బల్ల యొకటి యున్నది. "ఎడమన బల్ల" అంటిని. చుట్టి పోయిరి.